ఇంట్లో ఎవరుంటారు?

ఆ రోజు ఆదివారం. మా పైడి పప్పు గిన్నె తెచ్చి నా కంచం పక్కన పెట్టబోయి నా ఒళ్లో బోర్లించింది. ఆ వారంలో అది మూడోసారి. అంతకు రెండు రోజుల ముందే బడి నుంచి టీచరు బెహెన్‌జీ చీటీ పంపింది, మీ అమ్మాయి నన్ను చూసి మూతి వంకర్లు తిప్పుతోంది, రాత చూస్తే కోడి గీకినట్టుంది అని. తొమ్మిదేళ్ల పిల్లకి ఇంత పొగరేమిటని చెంప మీద ఒకటిచ్చాను. ఏడవాల్సిన పిల్ల నా వైపు చూసి మూతి వంకర పెట్టింది. రెండోది కూడా ఇచ్చాను.

ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. ఇది దాచి మిగిలినదంతా రాస్తే నేను మహా మంచి తండ్రినని మీరు పొరబడతారు.

"ఏటండీ, గుంటని అలా కొట్టీసారు? దానికి దిష్టి తగిలినట్టుంది," అంది నా భార్య సత్యవతి లోపలి మంచం మీంచి. అప్పటికి ఆమె పదిహేను రోజుల బాలెంత. పక్కలో మా రెండోవాడు. తను లేవకూడదు కనుక ఉప్పూ మిరపకాయలూ నా చేతే దిగదుడిపించి నిప్పుల్లో వేయించింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టే అని తేల్చేసింది.

నేనప్పుడు భిలాయిలో రోలింగ్ మిల్లు ఆపరేటర్ని. ప్లాంటు దగ్గర మరోదా అనే పేటలో ఉండేవాళ్లం. బొబ్బిలి దగ్గర మాకు తాతలనాటి భూములున్నాయి. జీతం రాకపోతే పొయ్యి వెలగని ఇల్లు కాదు మాది. ఎర్రగా కాలిన ఇనుము రైలు పట్టా అవుతుందంటే చూడాలని సరదాపడి వచ్చినవాణ్ణి. మా ఇంట్లో మగవాళ్లు మంచినీళ్లు కూడా తమ చేత్తో ముంచుకుని తాగిన పాపాన పోలేదు.

నాలుగు రోజులు గడిచేసరికి పైడి చేతులే కాదు, కాళ్లు కూడా దాని మాట వినడం మానేశాయి. కూర్చుంటే భుజం ఎగిరేది, పడుకుంటే పాదాలు ఆడేవి. ఒక పొద్దున "నాన్నా" అని పిలవబోయి, నాలుక తిరక్క సగంలో ఆగిపోయింది. అప్పుడు నాకు భయం వేసింది.

ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరమ్మ ఉండేది. పైడిని నాలుక చాచమంది. చాచిన నాలుక నిలవలేదు. తన రెండు వేళ్లు పట్టుకుని నొక్కమంది. పట్టు బిగిసేది, సడలేది, మళ్లీ బిగిసేది.

"చూశారా, పాలు పితికినట్టు నొక్కుతోంది," అంది హిందీలో. "ఈమధ్య గొంతు నొప్పి వచ్చిందా? కీళ్లు వాచాయా?"

రెండూ వచ్చాయి. గొంతుకి ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. మోకాళ్లు నొప్పంటే ఎదిగే వయసు కదా అన్నాను.

"ఇది నాటకం కాదు. కొరియా అనే నరాల జబ్బు. రుమాటిక్ ఫీవర్, అదే కీళ్ల జ్వరం వల్ల వస్తుంది."

రక్తం తీశారు. ఈఎస్‌ఆర్ ఎక్కువగా ఉంది. ఈసీజీ తీసి, గుండె ఇంకా బాగానే ఉందన్నారు. పెన్సిలిన్ మాత్రలు, ఆస్పిరిన్, ఒళ్లు కుదుటపడడానికి ఫినోబార్బిటోన్ రాసిచ్చారు. చివర్న డాక్టరమ్మ కలం మూసి, "మూడు నెలలు కంప్లీట్ బెడ్ రెస్ట్. ఘర్ మే కౌన్ రహేగా?" అంది. ఇంట్లో ఎవరుంటారు అని.

నా భార్య ఉందన్నాను, బాలెంత అన్నాను.

"ఆమెని చూడ్డానికే ఒకరు కావాలి. పిల్ల దగ్గర ఎవరుంటారని అడుగుతున్నాను."

మా అమ్మ పోయి చాలా కాలమైంది. అత్తగారికి చూపు ఆనదు. మా అన్నయ్య బియ్యం బస్తాలు పంపాడు గాని, కోతల కాలం, మనిషిని పంపలేనన్నాడు. ఇక నేనే సెలవు పెట్టాను. మంచం చుట్టూ దిళ్లు కట్టాను, చేతులూ కాళ్లూ కొట్టుకోకుండా. అన్నం మెత్తగా కలిపి, దాని తల ఎటు తిరిగితే అటు తిరుగుతూ ముద్ద పెట్టేవాణ్ణి. మొదటి వారం సగం అన్నం నా చొక్కా తిన్నది.

ఆరు వారాలకి చేతులు నిలిచాయి. పాలగ్లాసు తనే పట్టుకుని తాగింది. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మిల్లులో మేం రష్యా ఇంజనీర్ల దగ్గర పని నేర్చుకుంటున్న రోజులవి. ఏడాది ట్రైనింగుకి రష్యా పంపేవాళ్ల పేర్లలో నా పేరుంది. తిరిగొస్తే ఫోర్‌మన్. అప్పటికే ఉన్ని కోటు కుట్టించుకుని, అద్దం ముందు రెండుసార్లు తొడుక్కున్నాను కూడా. ప్రయాణం దగ్గర పడుతోంది. పిల్లకి నయమైతే నాకు దారి దొరుకుతుంది. అందుకని నయమైపోయిందనుకున్నాను. మాత్రలు మాన్పించి బడికి పంపాను.

పదిహేను రోజుల్లో మళ్లీ గొంతు నొప్పి, జ్వరం, మోకాళ్ల వాపు. వరండా మెట్లు మూడు ఎక్కడానికి పిల్ల ఆయాసపడిపోయింది. డాక్టరమ్మ చాలాసేపు స్టెత్ పెట్టి విని, తలెత్తి, "ఎవరు లేపారు దీన్ని?" అంది.

"నేనే."

"గుండెలో మర్మర్, అంటే తేడా చప్పుడు వినిపిస్తోంది. వాల్వ్ దెబ్బతింది. ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేను. ఈసారి ఆరు నెలలు. ఇంట్లో ఎవరుంటారు?"

"నేనుంటాను," అన్నాను. ఆ మాట అనేముందు ఒక్క క్షణం కోటు గుర్తొచ్చింది. అదీ దాచను.

సత్యవతికి చంటివాడితోనూ వంటతోనూ సరిపోయేది. రష్యా వద్దని రాసిచ్చి, జీతం లేని సెలవు పెట్టాను. మిల్లంతా నన్ను మెచ్చుకుంది. కూతురి కోసం రష్యా వదులుకున్నాడని కనబడ్డవాళ్లంతా అంటుంటే నాకు బాగానే ఉండేది. నా బదులు సింహాచలం పేరు వచ్చింది. అతనూ మా మిల్లువాడే. రెండు వీధుల అవతల తల్లి, భార్య, ఏడాది కొడుకుతో ఉండేవాడు. సెంటు భూమి లేదు. కోటు అడగడానికి వచ్చాడు.

"తీసుకో. నేనెలాగూ త్యాగం చేసీసాను," అన్నాను.

"త్యాగం ఏటి బావా, తాహతు. నీకు ఇంటికాడ పంటుంది, కూకుంటావు. నా గుంటడికి ఇలాటిదొస్తే నాను డూటీకే ఎల్లాల."

నాకు ఒళ్లు మండింది. కోటు ఇవ్వకూడదనుకున్నాను. లోపల్నుంచి సత్యవతి, "సలి దేశం ఎల్తన్నాడు, ఇచ్చీండి," అంది. ఇచ్చాను. కోటు పోయింది గాని ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది నిజం.

ఆ నెలల గురించి ఎవరైనా అడిగితే కష్టపడ్డానని చెప్పాలి. నిజం చెబితే నా జీవితంలో అంత నిండుగా గడిచిన రోజులు మరి లేవు. ప్రెడ్నిసొలోన్ వల్ల పైడి మొహం పున్నమి చందమామ అయింది. చుట్టుపక్కలవాళ్లు ఒళ్లు చేసిందని సంతోషించేవారు. ఉప్పు లేని చారు దానితోపాటు నేనూ తిన్నాను. రెండు జడలు అల్లడం నేర్చుకున్నాను. ప్లాంటు హూటర్ మోగితే మంచం మీంచి అది "ఫస్టు షిఫ్టు ఎల్లిపోయింది, నువ్వెల్లలేదు," అని నవ్వేది. ఆ నవ్వు వినడానికి హూటర్ కోసం ఎదురుచూసేవాణ్ణి.

నాలుగు నెలలకి సెలవు అయిపోయింది, డ్యూటీలో చేరమని ఉత్తరం వచ్చింది. రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. జీతం గురించి రెండోసారి ఆలోచించకుండా రాయగలిగాను. సింహాచలం చెప్పిన తాహతు అదే.

మర్నాడు పొద్దున్నే అతని తల్లి మా గుమ్మంలో నిలబడింది. సత్యవతి ద్వారా సంగతి తెలిసిందట.

"నువ్ డూటీకెల్లు నాయినా. గుంట దగ్గర నాను కూకుంటాను."

"మీకెందుకమ్మా శ్రమ? ఇంట్లో మనవడున్నాడు కదా."

"ఆడికి ఆళ్లమ్ముంది. నా కొడుకు నీ కోటేసుకుని తిరుగుతన్నాడు. నాకేటి పని, కూకోడవే గదా."

రెండు నెలలు, రోజూ నేను డ్యూటీకి వెళ్లింది మొదలు తిరిగొచ్చేదాకా కూర్చుంది. మా ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. నాకంటే గట్టిది. "కాలు కింద ఎట్టావంటే ఇరగ్గొట్టీగల్ను," అని బెదిరించి, ఆ కాళ్లే ఒళ్లో పెట్టుకుని నిమిరేది. గింజలు లేని ఇంటి నుంచి వచ్చి, నేను నాకొక్కడికే ఉందనుకున్న తాహతుని ఆవిడ నాకిచ్చింది. రాజీనామా కాగితం చింపేశాను.

ఆరు నెలలు పూర్తయ్యాక డాక్టరమ్మ విని, "మర్మర్ హల్కా హై, చప్పుడు తగ్గింది. బతుకుతుంది, ఆడుకుంటుంది. నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ మాత్రం ఒక్కటి కూడా తప్పకూడదు," అంది. ఆసుపత్రి బయట సైకిల్ పట్టుకుని ఏడ్చాను.

సింహాచలం తిరిగొచ్చి ఫోర్‌మన్ అయ్యాడు. అతని కొడుకు వారం రోజులు నాయనమ్మ చీర చాటు నుంచి బయటికి రాలేదు. "నన్ను ఎవరో అనుకుని భయ్యా అంటన్నాడు బావా," అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. పైడి అప్పుడు నా భుజం మీద వాలి ఉంది. ఇప్పటికీ అతని కిందే పనిచేస్తున్నాను. మంచి ఫోర్‌మన్.

పైడికి ఇప్పుడు పదహారేళ్లు. నెలకోసారి ఇంజెక్షన్ చేయించుకుని కుంటుకుంటూ వస్తుంది, ఆ వంకతో సుపేలా బజారులో జిలేబీ కొనిపిస్తుంది. ఈ కాగితాలు ఫెయిర్ చేసిందీ అదే. ముత్యాల్లాంటి రాత. మొదటి పేజీ రాస్తూ తలెత్తి, "రెండు దెబ్బలు కాదు నాన్నా, మూడు," అంది. రెండనే ఉంచమన్నాను. మూడని ఇక్కడ రాయించింది.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఎవరింట్లోనైనా పిల్లలకి బెడ్ రెస్ట్ రాశారని తెలిస్తే పళ్లు పట్టుకెళ్లి పలకరించి వచ్చేయకండి. ఇంట్లో ఎవరుంటారని అడగండి. ఎవరూ లేరంటే, చెప్పులు విప్పి ఒక పూట మీరే కూర్చోండి.