రెండోసారి అడిగే మా సుభాషిణి అక్క

నిన్న పొద్దున పెద్దారవీడు వెళ్లే ఆటోలో ఉండగా ఫోన్ వచ్చింది. అక్క పోయిందన్నారు.

ఏ అక్క అని అడిగాను.

సుభాషిణి అక్క అన్నారు.

నమ్మబుద్ధి కాక ఇంకొకరికి చేశాను. వాళ్లూ అదే మాట అన్నారు.

తెల్లవారేసరికి గుండెలో నొప్పి. మార్కాపురంలో ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. నలభై ఆరేళ్లు.

నిన్నటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వాకిట్లోకి, లోపలికి తిరుగుతూనే ఉన్నాను. ఏదో ఒకటి రాస్తేనన్నా కుదురు వస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అక్కది తర్లుపాడు దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. స్టాటిస్టిక్స్ చదివి, మార్కాపురంలో చిన్న హెల్త్ రీసెర్చ్ టీమ్‌ను నడిపేది. నేను అందులో ఫీల్డ్ వర్కర్‌ని. ఏదైనా మందో, పద్ధతో పనిచేస్తుందని తొలి స్టడీలో కనబడితే, అది నిజమేనా అని ఇంకా ఎక్కువమందిలో మళ్లీ పరీక్షించి చూడటం మా పని.

తొలి ఫలితం బాగుందని అందరం సంబరపడే రోజున అక్కకు మాత్రం స్థిమితం ఉండేది కాదు.

నేను చేరిన కొత్తలో, మనసు కుంగిపోవడాన్ని కొలిచే ఒక ప్రశ్నాపత్రాన్ని తెలుగులోకి తెచ్చాం. మార్కాపురంలో ఆస్పత్రికి వచ్చినవాళ్లను అడిగితే లెక్కలన్నీ చక్కగా కుదిరాయి. మా టీమ్‌కు పైన ఉండే పెద్ద సారు ఇక వాడేద్దామన్నారు. అక్క ఒప్పుకోలేదు. పల్లెల్లో అడిగి చూడందే వదలనంది.

పెద్దారవీడు మండలంలో గొర్రెలు మేపుకునే ఒకామెను, ఈమధ్య దిగులుగా ఉంటోందా అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"వాన పడకపాయె. దిగులు లేనిది ఎవురికి?"

ఆ ఊళ్లో అందరూ అవుననే చెప్పారు. నిజంగా కుంగిపోయినవాళ్లూ, హాయిగా తిని పడుకునేవాళ్లూ కూడా. ఇక ఆ ప్రశ్నతో ఎవరి సంగతి తెలుస్తుంది?

దాన్ని తీసేసి, తిండి సయిస్తోందా, నలుగురిలోకి పోబుద్ధి అవుతోందా అని వేరే ప్రశ్నలు రాసి అక్క మళ్లీ మొదటి నుంచి తిరిగింది. మమ్మల్నీ తిప్పింది. ఎండలో నేను విసుక్కుంటే ఒకటే మాట అనేది.

"ఒక ఊర్లో వచ్చింది ఇంకో ఊర్లో కూడా రావాల తమ్ముడూ. అందాకా అది మనం అనుకోవడమే."

తర్వాత మాత్రల ట్రయల్ వచ్చింది.

షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్ల మంటలకు ఒక మాత్ర. కొద్దిమందితో చేసిన తొలి స్టడీలో బాగా తగ్గిందన్నారు. పెద్ద ట్రయల్ మా చేతికి వచ్చింది. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఆ సంగతి ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లనే చేర్చుకున్నాం. ఎవరికి ఏది వెళ్తోందో వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు.

అక్క వాళ్లమ్మకూ అదే బాధ. తడిగుడ్డ మీద కాళ్లు పెట్టుకొని కూర్చునేది. సొంత మనిషిని ట్రయల్‌లో చేర్చుకోవడానికి లేదు. ఒకరోజు ఆ పెద్దమ్మ నా ముందే అడిగింది, ఊరందరికీ ఇస్తున్నావు, కన్నతల్లికి నాలుగు తెచ్చిపెట్టలేవా అని.

"అది పనిచేస్తదో లేదో నాకే తెలీదమ్మా. తెలిసినంక ముందు నీకే తెస్తా."

పెద్దమ్మ ముఖం తిప్పుకుంది. చాలా రోజులు కూతురితో సరిగా మాట్లాడలేదు.

చివరికి ఫలితం వచ్చింది. రెండు గుంపుల్లోనూ మంట ఒకేలా తగ్గింది. మాత్ర వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు.

రిపోర్ట్ పంపేస్తే మా పని అయిపోయేది. మాత్రలు మింగిన ప్రతి ఇంటికీ పోయి చెప్పాల్సిందేనని అక్క పట్టుబట్టింది.

చంద్రశేఖరపురం వైపు ఒక పల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ మాత్ర పుణ్యానే మళ్లీ చేన్లోకి నడుస్తున్నానని ఊరంతా చెప్పుకునేవాడు. ఆయనకు వెళ్లింది ఉత్త మాత్ర.

అక్క ఆయన ఎదురుగా నేల మీద కూర్చొని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఆయన తన అరికాళ్లను చేత్తో తడుముకున్నాడు. తర్వాత అడిగాడు.

"అయితే నాకు తగ్గింది అబద్ధమా?"

"నీకు తగ్గింది నిజమే పెదనాయనా. మాత్రలో మందు లేదు, అంతే. ఉత్తది కూడా రావచ్చని ముందే చెప్పినాము గదా."

"చెప్పినావులేమ్మా. ఆశపడింది నేనే."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఊరు దగ్గర పడుతుండగా కళ్లు తుడుచుకొని, ఆ మంటలకు ఇంకేం చేయొచ్చో వెతుకుదాం అంది.

వెతికింది కూడా. పాదాలకు రోజూ చేయించే కొన్ని ఎక్సర్‌సైజులు. గిద్దలూరులో కొద్దిమందికి బాగా పనిచేశాయి. అక్క సంగతి తెలిసిందే, ఆ మాట నమ్మి ఊరుకోలేదు. ఇప్పుడు పెద్దారవీడు పల్లెల్లో పెద్ద స్టడీ నడుస్తోంది. చివరి మనిషి దాకా పరీక్ష అయితే తప్ప లెక్కలు తెరవకూడదు.

తెరిచే రోజుకు అక్క ఉండదు.

నిన్నటి నుంచి నన్ను నిలవనీయనిది ఇదే. అవుననో కాదనో, ఏదో ఒకటి చెవిన పడకుండానే వెళ్లిపోయింది.

నిన్న సాయంత్రం తర్లుపాడులో అంతా అయ్యాక, ఈరోజు పెద్దారవీడు పల్లెల విజిట్లు ఆపేద్దామా అని టీమ్‌లో మాలో మేము అనుకున్నాం. ఆపితే కొన్ని కొలతలు మళ్లీ దొరకవు. పోవడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు.

పెద్దమ్మ విన్నది. ఏడ్చి ఏడ్చి గొంతు లేదు ఆమెకు.

"పోండి నాయనా. ఎట్ల తేలుతదో నాకొచ్చి చెప్పండి."

ఇంకాసేపట్లో బయల్దేరుతున్నాం.

వెళ్లిరా అక్కా. ఇన్నేళ్లూ ఒక్కచోట నిలవని నీ ప్రాణానికి ఇకనైనా నెమ్మది దొరకాలి. ఏది తేలినా, అమ్మకు ఉన్నది ఉన్నట్టే చెబుతాం.