ఏనుగు కళ్లు వెలిగే వేళ

కరెంటు పోయినప్పుడల్లా నరసన్నపేట బజారులో మా ఎరువుల కొట్టు పక్కనున్న బట్టల షాపువాళ్లు జనరేటరు వేస్తారు. అది ముసలి గొంతుతో కాసేపు దగ్గి, ఒక్కసారిగా అందుకుని, నల్లటి పొగ వదులుతూ బజారంతా డీజిలు కమురు నింపేస్తుంది. ఎరువులకొచ్చిన రైతులు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని తిట్టుకుంటారు. నేను మాత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆ వాసనని గుండెల నిండా పీల్చుకుంటాను. అది నాకు డీజిలు వాసన కాదు, సందెవేళ వాసన. విజయనగరంలో ఒక పార్కు గేటు, ఆ గేటులోంచి నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోతున్న మా అమ్మ, గేటు లోపలే నిలబడి చెయ్యూపుతున్న మా బావ, ఇవన్నీ ఆ పొగలోంచి లేచి వస్తాయి. వాటితోపాటు మా బావ మీద కుళ్లు కూడా లేస్తుంది. యాభయ్యో పడి దగ్గర పడుతున్నా అది ఆరలేదు.

బావంటే మా మేనమామ కొడుకు సూరిబాబు. నాకంటే కాస్త పెద్ద. వాళ్లది విజయనగరం, మాది నరసన్నపేట పక్క పల్లె. మా మావ ఇల్లు సరిగ్గా బొమ్మల పార్కు వెనక వీధిలో ఉండేది. దాని అసలు పేరు వేరే ఏదో బోర్డు మీద ఉండేది గానీ, గేటు దగ్గర సిమెంటుతో చేసిన ఏనుగు, ఒంటె, దుప్పి ఉండటం వల్ల ఊరంతా బొమ్మల పార్కనే పిలిచేవారు. మావగారి డాబా ఎక్కితే పార్కులోని జెయింటు వీలు పైసగం కనబడేది. అన్నం తింటూ, హోంవర్కు చేసుకుంటూ, పళ్లు తోముకుంటూ కూడా జెయింటు వీలు చూసే అదృష్టం ఒక మనిషికి ఎందుకిచ్చాడో ఆ దేవుణ్ణి నిలదీయాలనిపించేది నాకు. మా ఇంటి అరుగు మీద నుంచి చూస్తే గడ్డిమేటు, దాని వెనక తాటిచెట్లు.

మా ప్రయాణం ఏడాదికొక్కసారి, వేసవి సెలవుల్లో. వరి కోసిన చేలో చల్లిన పెసలూ మినుములూ ఇంటికి చేరి, ఎండలు ముదిరి, కళ్లంలో పని లేకుండా పోయాక అమ్మ ఒక రోజు ముహూర్తం పెట్టేది. నాన్న గొడ్లను వదిలి రాడు కాబట్టి నేనూ అమ్మా. తెల్లారకుండానే లేచి పులిహోర కలిపి క్యారేజీ గిన్నెల్లో సర్ది, డబ్బా నిండా చేగోడీలు, తాటాకులో చుట్టిన ముంజెలు, తన తమ్ముడికని, అంటే మా మావకని, ఒక పనసపండు గోనెసంచిలో వేసి కట్టేది. శ్రీకాకుళంలో బస్సు మారేసరికి ఆ పనసపండు వాసనకి పక్కసీటు వాళ్లు మాతో చుట్టరికం కలిపేవారు. నాగావళి వంతెన మీద ఇసుక వేడిగాలి ముఖాన కొట్టేది. నేను మాత్రం కిటికీ చువ్వలు పట్టుకుని, ఈసారైనా చీకటి పడేదాకా ఉంటామా అని ఒకటే ఆలోచించేవాణ్ణి.

ఉండేవాళ్లం కాదు. దానికో కథ ఉంది. నేను మరీ చిన్నవాడిగా ఉన్నప్పుడు ఒక వేసవిలో మేం మావగారింట్లో రాత్రి పడుకున్నామట. పొద్దున్నే అమ్మ నాకు తలంటింది. వంశధార కాలవ పారే ఊరి మనిషి, నీళ్లు కొలిచి పోయడం ఆమెకి తెలీదు. తొట్టెలో సగానికి పైగా నా నెత్తిన కుమ్మరించేసింది. విజయనగరంలో వేసవంటే కుళాయి దగ్గర బిందెలు బిందెలు కొట్టుకునే రోజులు. మా అత్త చెడ్డది కాదు, కానీ ఆ బిందెలు మోసింది ఆవిడే. "వదినా, నీళ్లు సూసి పొయ్యాల. ఇది మీ కాలవ కాదు కదా" అంది. అంతే. మా అమ్మ నా తల తుడిచి సంచి సర్దుకుంది. బస్సెక్కాక మాత్రం "ఆ ఇంట్లో ఇంక సెంబుడు నీళ్లు ఒంటి మీద పోసుకోను" అని ఒట్టు పెట్టుకుంది.

ఒట్టు స్నానం వరకే. రాకపోకలకి గానీ భోజనానికి గానీ అడ్డు లేదు. కానీ రాత్రి ఉంటే పొద్దున్న స్నానం చెయ్యాలి, స్నానం చెయ్యకుండా అమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టదు. అందుకని రాత్రి ఉండటమే లేదు. పల్లెకెళ్లే ఆఖరి బస్సు అందుకోవాలంటే పొద్దు గుంకకముందే విజయనగరంలో కదలాలి. బస్సు దిగగానే స్టాండులో కుళాయి దగ్గరే నా కాళ్లూ మొహమూ కడిగేసేది, మావగారింట్లో ఆ నీళ్లు కూడా అడగక్కర్లేకుండా. తాగడానికి మరచెంబులో మా ఊరి నీళ్లు తెచ్చుకునేది. అత్త ఆ మరచెంబు వంక చూసేది, చూడనట్టు మామిడికాయ పప్పు ఇంకో గరిటె వడ్డించేది. ఇద్దరూ ఒకరినొకరు "తినమ్మా, తిను" అనుకుంటూ అంత ప్రేమగా ఉండేవారు. మధ్యలో నష్టపోయింది నేను.

భోజనాలవగానే మావ మమ్మల్ని పార్కుకి తీసుకెళ్లేవాడు. నడినెత్తిన ఎండ. జెయింటు వీలు ఇనప సీటు మీద తువ్వాలు పరుచుకుని కూర్చోకపోతే తొడలు కాలిపోయేవి. రంగులరాట్నంలో చెక్క గుర్రాలుండేవి, వాటికి జనపనారతో అల్లిన తోకలు, ఆ తోకల్ని పిల్లలు పీకి పీకి కొన్నిటికి బోడి మొదళ్లే మిగిలేవి. చిన్నరైలు గబ్బిలాల కంపు కొట్టే సొరంగంలో దూరి కూత వేస్తే అందరం కలిసి అరిచేవాళ్లం. అద్దాల గదిలో మా మావ పొట్టిగా గుమ్మడికాయలా, అమ్మ పొడుగ్గా తాటిచెట్టులా కనబడేవారు, అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. సరుగుడు చెట్ల నీడన పులిహోర, పిడతకింద పప్పు, ఎర్రగా నాలుకకి అంటుకునే పుల్ల ఐసు. నాకు స్వర్గమే.

మా బావకి మాత్రం అదంతా చప్పగా ఉండేది. చేతులు జేబుల్లో పెట్టుకుని పార్కు తన తాతగారిదన్నట్టు తిరిగేవాడు. "ఇప్పుడేటుంది బావా ఇక్కడ? దీపాలెట్టాక సూడాల" అనేవాడు. దీపాలు పెట్టాక జెయింటు వీలు చుట్టూ ఎర్రవీ పచ్చవీ బల్బులు తిరుగుతాయట. సరుగుడు చెట్ల నిండా చుక్కలు దిగినట్టుంటుందట. నీళ్ల ఫౌంటెను రంగులు మారుతుందట. అన్నిటికన్నా గొప్పది గేటు దగ్గర ఏనుగు. దాని కళ్లలో బల్బులున్నాయి. పగలు నేను ఎన్నిసార్లు తొంగి చూసినా దుమ్ము పట్టిన గాజు వెనక సాలీడు గూడు కనబడేది తప్ప ఇంకేం లేదు.

"రాత్రయితే అది మనల్నే సూస్తాది బావా. ఏపక్కకెల్లినా సూస్తాది."

"అబద్ధం."

"అయితే ఉండి సూడు."

ఆ "ఉండి సూడు" అన్నప్పుడు వాడి మొహంలో కనిపించే నవ్వుని నేను ఇన్నేళ్లయినా క్షమించలేదు. ఉండలేనని వాడికి తెలుసు. ప్రతి ఏడాదీ అమ్మ కొంగు పట్టుకుని బతిమాలేవాణ్ణి. "ఒక్క రాత్రి ఉండిపోదామే." అమ్మ నా నెత్తి నిమిరి, "రాత్రుంటే పొద్దున్న తానం సెయ్యాల కదరా" అనేది, అదేదో ప్రకృతి ధర్మమైనట్టు. తర్వాత గొంతు మారేది. "బేగి నడు, బస్సెలిపోతాది."

మేం గేటు దాకా వచ్చేసరికి ప్రతిసారీ వెనక షెడ్డులో జనరేటరు మొదలయ్యేది. అంటే దీపాలు వెయ్యబోతున్నారని. అది దగ్గడం, అందుకోవడం, ఆ డీజిలు కమురు. దీపాలకి నేను చేరగలిగినంత దగ్గర అదే. మెడ తిప్పి తిప్పి చూస్తూ నడిచేవాణ్ణి. పడమటి ఎండలో ఏనుగు కళ్లు ఎప్పట్లాగే గుడ్డిగా ఉండేవి. దాని కాలికి ఆనుకుని బావ తాపీగా చెయ్యూపేవాడు. రిక్షాలో, బస్సులో, శ్రీకాకుళం దాటాక కమ్ముకున్న చీకట్లో, ఇప్పుడు వాడు చూస్తుంటాడు, ఇప్పుడు ఫౌంటెను పచ్చగా మారుంటుంది అని లెక్కలేసుకుంటూ కుళ్లుకునేవాణ్ణి. మా ఊళ్లో కరెంటు ఉండేది కాదు ఆ వేళకి. అమ్మ లాంతరు గ్లాసు ముగ్గుతో తుడిచి వెలిగిస్తే, నేను ఎర్ర గాజుముక్కలు రెండు దాని ముందు పెట్టి, దూరంగా జరిగి, అవి నన్ను చూస్తున్నాయా లేదా అని పరీక్షించేవాణ్ణి. చూసేవి కావు.

పెద్దయ్యాక వెళ్లి చూసి రావచ్చు కదా అని మీరడుగుతారు. పెళ్లిళ్లకీ పరామర్శలకీ విజయనగరం ఎన్నిసార్లు వెళ్లలేదు! కానీ నేను ఆ దీపాలు ఇంతవరకూ చూడలేదన్న సంగతి బావకి తెలియడం నాకిష్టం లేదు. మీసాలొచ్చిన మనిషి వెళ్లి ఏనుగు ముందు నోరు తెరుచుకుని నిలబడితే వాడికి లోకువైపోనా. అలా పట్టుదలతోనే సగం జీవితం గడిచిపోయింది. మావ పోయాడు, అత్త పోయింది. అమ్మ ఒట్టు మాత్రం అలాగే ఉంది.

ఈ మధ్య బావ నన్ను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. బొమ్మల పార్కులో పెరిగిన విజయనగరం వాళ్లంతా అందులో ఉన్నారు. పొద్దున లేస్తే అక్కడ ఒకటే శోకాలు. చెక్క గుర్రాలు పీకేసి ఫైబరు కార్లు పెట్టారని ఒకరు, రైలు సొరంగం మూసేశారని ఒకరు, అద్దాల గదిని సెల్ఫీల గది చేశారని ఒకరు, పిడతకింద పప్పు ముసలాడి చోట పాప్‌కార్ను మిషను పెట్టారని మరొకరు. అందరికంటే పెద్ద శోకం మా బావది. "ఆ దీపాలు చూసిన కళ్లతో ఇవి చూడలేకపోతున్నాను" అని రాశాడు. దాని కింద దండాలు, కన్నీటి బొమ్మలు బారులు తీరాయి. నాకు ఒళ్లు మండిపోయింది. పోయిందని ఏడవడానికైనా ముందు ఉండాలి కదా. వాడు అప్పుడు వెలుగూ అనుభవించాడు, ఇప్పుడు బెంగా అనుభవిస్తున్నాడు. నాకు రెండూ లేవు. చిన్నప్పుడు వాడి దీపాల మీద పడి ఏడ్చాను, ఇప్పుడు వాడి ఏడుపు మీద పడి ఏడుస్తున్నాను.

కిందటి నెల ఫోను చేశాడు. "ఆదివారం సందేల అందరం పార్కులో కలుస్తన్నాం బావా. రా, సూసి ఏడుద్దాం." వస్తానన్నాను. సంగతి విని, మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అమ్మ తలెత్తింది.

"నానూ వస్తాను. రాత్రికి తిరిగొచ్చెద్దుం కదా?"

"కారుంది కదే."

మరచెంబు కడిగి నీళ్లు నింపుకుంది.

మేం వెళ్లేసరికి ఎండ వాలుతోంది. గేటు దగ్గర ఏనుగు ఉంది, ఒంటె మెడ విరిగి ఊచలు బయటికొచ్చాయి, దుప్పి లేనే లేదు. బావ, ఆయనగారి స్నేహితులు నలుగురైదుగురు పొట్టలు ముందుకేసుకుని లోపల బెంచీల మీద కూర్చుని, తలో మాటా అంటూ పార్కుకి దినం పెడుతున్నారు. బావ లేచి వచ్చి అమ్మ కాళ్లకి దండం పెట్టి, గేటుకెదురుగా ఉన్న అరుగు మీద కూర్చోబెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. వాళ్ల మాటలు నాకు చెవికెక్కడం లేదు. జనరేటరు ఎప్పుడు దగ్గుతుందా అని వెనక షెడ్డు వైపే చెవి పెట్టి ఉన్నాను. షెడ్డు తలుపుకి తాళం వేసి ఉంది, తాళం తుప్పు పట్టింది.

అందుకే దీపాలొచ్చినట్టు నాకు ముందు తెలియలేదు. చప్పుడూ లేదు, వాసనా లేదు. ఎవరో ఎక్కడో స్విచ్చి వేశారు. జెయింటు వీలు అక్కడక్కడా మాత్రమే, పళ్లూడిన నోరులా వెలిగింది. సరుగుడు చెట్లు రెండో మూడో మెరిశాయి. ఫౌంటెను వెలగలేదు. ఏనుగుకి ఎడమ కన్ను పోయింది, కుడి కన్ను మాత్రం ఎర్రగా వెలిగింది. లేచి ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసి చూశాను. బావ చెప్పింది నిజమే. చూస్తూనే ఉంది. ఎటు వెళ్లినా చూస్తూనే ఉంది.

"సూసావా బావా, ఇదా లైటింగు?" అంటున్నాడు బావ పక్కకొచ్చి. "అప్పటి దాంట్లో పావలా వొంతు లేదు. ఏనుక్కి ఒంటికన్నైపోనాది."

అవునని తలూపాలి, మర్యాదకైనా. ఊపలేకపోయాను. నాకు తెలిసి ఆ పార్కులో వెలిగిన దీపాలన్నీ అవే. తక్కువైన వాటిని నేనెలా లెక్కపెట్టను? చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాను. బావ నన్నూ శోకంలో కలిపేసుకున్నాడు, నా భుజం తట్టి, "నీకూ ఏడుపొస్తంది కదా. పద ఎల్దుం, ఇంక సూడలేం. అత్తా, లెగు, ఎలిపోదుం" అన్నాడు.

అమ్మ లేవలేదు. ఏళ్ల తరబడి ఈ గేటులోంచి నన్ను రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయిన మనిషి, మరచెంబు ఒళ్లో పెట్టుకుని, ఆ ఎర్రటి ఒంటికన్ను వైపే చూస్తూ ఉంది. నాతోపాటు ఆమె కూడా ఎప్పుడూ ఆ దీపాలు చూడలేదని నాకు అంతవరకూ తట్టనే లేదు.

"నువ్వెల్లు నాయనా. మేం ఇప్పుడే కదా వచ్చాం" అంది.

బావ అమ్మ మొహం వైపు, నా మొహం వైపు, ఏనుగు వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా అమ్మ పక్కన అరుగు మీద కూలబడ్డాడు. "మీకేటత్తా," అన్నాడు. "కొత్తగా సూస్తన్నారు."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆఖరి బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఇన్నేళ్లూ నేను మోసిన కుళ్లే అది. అమ్మ మరచెంబు మూత తిప్పి, ముందు వాడికే నీళ్లిచ్చింది. వాడు ఎత్తి గటగటా తాగాడు. కాపలావాడు ఈల వేసేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం.