గోటిమందం తేడా

నాయుడుపేటలో పాత కారుకు సామాను దొరక్కపోతే మెకానిక్కులు చెప్పే మాట ఒకటే. రమణయ్య అంగడికి పోయి ప్రసాదన్నను అడగమంటారు. ఆ ప్రసాదన్న అసలు పేరు పెంచలప్రసాద్. వరి పండించే ఇంట్లో పుట్టి, పొలం అన్నకు వదిలేసి, మీసం సరిగా రాని వయసులో ఆ అంగట్లో పనికి చేరాడు. ఇప్పుడు చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. రమణయ్య గల్లా దగ్గర కూర్చుంటాడు. ఎవరేం అడిగినా లోపల అరల మధ్య తిరుగుతున్న ప్రసాద్ వైపు చేయి చూపిస్తాడు.

చుట్టుపక్కల పల్లెల్లో పాత కార్లు ఎక్కువ. ఒకరు వాడి అమ్మేసినవి, వాళ్ల దగ్గర కొన్నవాళ్లు మళ్లీ అమ్మేసినవి. వాటిలో చాలావాటికి కంపెనీలు సామాన్లు చేయడమే మానేశాయి. ప్రసాద్ ఒక కారు సామానును ఇంకో కారుకు సరిపెట్టడంలో ఆరితేరాడు. విరిగిన ముక్కను చేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, లోపలికి వెళ్లి ఏదో ఒకటి తెచ్చేవాడు. తన దగ్గరికి వచ్చినవాడు వట్టి చేతులతో పోకూడదని అతని పట్టుదల. "లేదు" అని చెప్పాల్సి వస్తే ఆ రోజంతా మొహం ముడుచుకునే ఉండేవాడు. ఆ పట్టుదల వల్ల ఎన్నో బళ్లు రోడ్డెక్కాయి. ఆ పట్టుదలే చివరికి ఒక మనిషి చేతి మీదికి వచ్చింది.

ఆ మనిషి ముత్యాలయ్య. వాకాడు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాళెంలో ఉంటాడు. బోటులో వేటకు పోయేవాడు. ఐసు ఫ్యాక్టరీ ఆసామి వాడి వదిలేసిన డీజిల్ కారు ఒకటి కొనుక్కున్నాడు. వేట లేని రోజుల్లో దాన్ని బాడుగకు తిప్పేవాడు. పాళెంలో ఎవరికి ఆసుపత్రి పని పడినా, పెళ్లి పని పడినా ఆ కారే. బోటు ఇంజన్లు విప్పి బిగించిన చేతులు కాబట్టి కారుకొచ్చిన రిపేర్లు కూడా తానే చేసుకునేవాడు.

వేసవిలో ఒకరోజు ముత్యాలయ్య విప్పిన సామానును ప్లాస్టిక్ సంచిలో వేసుకుని అంగడికి వచ్చాడు. స్టార్టు చేయగానే ముందు నుంచి కీచుమని అరుపు వస్తోందని, బెల్టు మార్చినా ఆ గోల పోలేదని చెప్పాడు. ప్రసాద్ సంచిలోంచి టెన్షనర్ తీశాడు. ఇంజను ముందు భాగంలో తిరిగే బెల్టు వదులు కాకుండా నొక్కి పట్టేది అదే. స్ప్రింగు ఉన్న ఒక చేయి, దాని చివర ఒక చక్రం. ప్రసాద్ చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. లోపల ఇసుక పడ్డట్టు గరగరమంది. టెన్షనర్ చేతిని వేలితో నొక్కితే స్ప్రింగు ఎదురు తిరగలేదు, మెత్తగా ఒరిగిపోయింది.

బెల్టు తప్పు లేదని, దీన్ని మార్చాల్సిందేనని ప్రసాద్ చెప్పాడు. ఆ కారుకు సరిపోయేది అంగట్లో లేదు. చెన్నై నుంచి తెప్పించాలి. ముత్యాలయ్యకు మర్నాడే పని ఉంది. అత్త పోలేరమ్మకు నెల్లూరులో కంటి ఆపరేషన్. అయినా అతడు తొందర పడలేదు.

"తెప్పించన్నా. రేపటికి మేము బస్సులో పోతాంలే. వారం అయినా పర్లేదు, సరైంది ఇయ్యి," అన్నాడు.

అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ కౌంటరు దగ్గర ఇద్దరు మెకానిక్కులు నిలబడి ఉన్నారు. ప్రసాదన్న దగ్గర కూడా లేదంట అని వాళ్లు అనుకోవడం ప్రసాద్‌కు ఇష్టం లేకపోయింది. "ఉండన్నా" అని లోపలికి వెళ్లి, అదే కంపెనీ తర్వాత తెచ్చిన మోడలు టెన్షనర్ ఒకటి పట్టుకొచ్చాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. బోల్టు రంధ్రం సరిపోయింది. చక్రం వెడల్పు సరిపోయింది. అయితే కొత్తదాని చక్రం కొద్దిగా ముందుకు పొడుచుకుని ఉంది. గోటిమందం తేడా. ప్రసాద్ బొటనవేలు దాని మీదుగా పోయింది, ఆగింది. కళ్లు చూశాయి. అంతలో ముత్యాలయ్య అడిగాడు.

"సరిపోతదా అన్నా?"

"నీ కండ్ల ముందరే చూస్తా ఉండావు గదా. తీసుకుపో, ఇబ్బందేం లేదు."

ముత్యాలయ్య సంతోషంగా వెళ్లిపోయాడు. మర్నాడు కారు నెల్లూరు వెళ్లి వచ్చింది. పోలేరమ్మ కన్ను బాగయింది. కీచుమనే అరుపు పోయింది. ముత్యాలయ్య ఫోన్ చేసి మరీ ఆ సంగతి చెప్పాడు. ప్రసాద్ ఆ టెన్షనర్ మాటే మరచిపోయాడు.

వానలు మొదలయ్యే ముందు ముత్యాలయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి కుడిచేయి మోచేతి దాకా కట్టు కట్టి ఉంది. ఎడమచేత్తో సంచిలోంచి తెగిన బెల్టు తీసి కౌంటరు మీద పెట్టి, జరిగింది చెప్పుకొచ్చాడు. భార్య గంగాభవానితో కలిసి కోట అనే ఊరి మీదుగా వస్తుంటే దారిలో బెల్టు తెగిందట. తెగిందని అతనికి తెలియలేదు. ఎర్రలైటు వెలిగినా, పాత బండిలో ఎప్పుడూ ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుందని లెక్క చేయలేదు. బెల్టు లేక నీళ్ల పంపు ఆగింది. ఇంజను కాగిపోయి ముందు నుంచి ఆవిరి లేచింది. కంగారులో గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. సలసల కాగుతున్న నీళ్లు చేయంతా చిమ్మాయి. ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. ఇంకా వేళ్లు ముడుచుకోవడం లేదు.

"నేనే సరిగ్గా బిగించినట్టు లేదన్నా. బోటు ఇంజన్లు ఇప్పినోడికి కారొక లెక్కా అనుకున్నా. మెకానిక్కు కాడ చేయించమంటే ఇన్లేదని ఇంట్లో ఆమె నాతో సరిగ్గా మాట్లాడేదే లేదు," అన్నాడు ముత్యాలయ్య.

ప్రసాద్ బెల్టు చేతిలోకి తీసుకున్నాడు. ఒక అంచు మాత్రమే అరిగి, పీచులు పీచులుగా లేచి ఉంది. రెండో అంచు కొత్తదానిలా ఉంది. చక్రం వరస తప్పి ఉంటే బెల్టు అట్లాగే అరుగుతుంది. బిగించడంలో ఏ తప్పూ లేదు. చెప్పడానికి నోరు తెరిచాడు. గల్లా దగ్గర రమణయ్య ఇటే చూస్తున్నాడు. తెరిచిన నోట వేరే మాట వచ్చింది. బెల్టుతో పాటు టెన్షనర్ కూడా మారిస్తే మంచిదని, చెన్నై నుంచి తెప్పిస్తానని అన్నాడు.

"అదెందుకన్నా? నువ్విచ్చింది బాగానే ఉంది గదా," అన్నాడు ముత్యాలయ్య.

ఆ మాట ప్రసాద్‌ను ఇంటిదాకా వెంటాడింది. కట్టు కట్టిన చేయి పెట్టుకుని, తప్పు తనదేనని ఒప్పుకుని, తనకు అన్యాయం చేసినవాడినే వెనకేసుకొచ్చిన మనిషి అతని కళ్ల ముందు నుంచి పోలేదు. అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద అట్లాగే పెట్టేశాడు. ఏమైందని భార్య వినీల అడిగితే మొదట ఏమీ లేదన్నాడు, తర్వాత అంతా చెప్పాడు. రమణయ్య ఏమంటాడోనని చెప్పలేకపోయానన్నాడు.

వినీల కంచం అతని ముందుకు జరిపింది. "రమణయ్య ఏమంటాడు? నాలుగు మాటలంటాడు, ఊరుకుంటాడు. నీ భయం ఆయన్ని గురించి కాదు. ప్రసాదన్నకు తెలీనిది లేదంటారే, ఆ పేరు పోతదని," అంది.



చెన్నై నుంచి సరైన టెన్షనర్ వచ్చింది. ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మనవచ్చు, మాట బయటికి రాకుండానే కారు బాగయిపోతుంది. రెండు రోజులు అదే ఆలోచనతో గడిపాడు. అంగడి సెలవు రోజున టెన్షనర్, కొత్త బెల్టు, పానాలు సంచిలో వేసుకుని వాకాడు బస్సెక్కాడు. అక్కడి నుంచి ఆటోలో పాళెం చేరాడు.

ముత్యాలయ్య ఇంటి పక్కన కొబ్బరాకుల పందిరి కింద కారు ఉంది. ఇంటి ముందు పాత వల పరిచి గంగాభవాని ఎండుచేపలు తిరగేస్తోంది. ప్రసాద్‌ను చూసి ముత్యాలయ్య ఆశ్చర్యపోయాడు. ఇంత దూరం రావాలా, కబురు చేస్తే నేనే వచ్చేవాడిని గదా అని కుర్చీ వేయబోయాడు. ప్రసాద్ కూర్చోలేదు. బానెట్ ఎత్తి పనిలోకి దిగాడు. ముత్యాలయ్య పక్కన నిలబడి ఎడమచేత్తో పానాలు అందించాడు. ఒక పానా జారి పడితే, అలవాటు కొద్దీ కుడిచేయి చాచి, ఆగి, మళ్లీ ఎడమచేత్తో తీశాడు. ప్రసాద్ తల వంచుకుని బోల్టు విప్పాడు.

బయటికి తీసిన టెన్షనర్‌ను, తాను తెచ్చిన కొత్తదాన్ని గోనెపట్టా మీద పక్కపక్కన పెట్టాడు. ఆ క్షణంలో కూడా ఒక అబద్ధం నాలుక చివరికి వచ్చింది. కంపెనీ వాళ్లు తప్పు డబ్బాలో వేసి పంపారని చెబితే ఎవరూ అనుమానించరు.

"అన్నా, నువ్వు బిగించడంలో తప్పేం లేదు. ఇది నీ కారుది కాదు, కొత్త మోడలుది. చక్రం ముందుకుంది చూడు. దానివల్లే బెల్టు తెగింది," అన్నాడు ప్రసాద్.

ముత్యాలయ్య వంగి ఎడమచేతి వేలితో రెండు చక్రాలనూ తడిమి చూశాడు.

"తెలిసే ఇచ్చినావా?"

"తెలిసే ఇచ్చినా."

"వారమైనా ఆగుతానంటిని గదన్నా నేను."

"అన్నావు."

ముత్యాలయ్య లేచి కారుకు ఆనుకుని నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే ప్రసాద్‌కు కొంచెం ఊపిరి ఆడేదేమో. చేపల దగ్గర నుంచి గంగాభవాని లేచి వచ్చింది. మాటలన్నీ ఆమె విన్నది.

"ఇన్నాళ్లూ ఈ మనిషిని నోటికొచ్చినట్టు అంటా ఉండాను. నీ చేతులారా చేసుకున్నావని. సరే, అది నా నోరు. దానికి నేనే ఏడుస్తా," అంది. "ఈయన కట్టు కట్టుకుని నీ అంగడికొచ్చినాడే, ఆ పొద్దు ఎందుకు చెప్పలా నువ్వు?"

ప్రసాద్ చేతిలోని పానా గోనెపట్టా మీద పెట్టాడు.

"సామాన్ల సంగతి తెలిసినోడని నాకొక పేరుండాదక్కా. అది పోతదని," అన్నాడు.

గంగాభవాని తిరిగి వెళ్లి చేపల దగ్గర కూర్చుంది. ఒక్కటీ తిరగేయలేదు. ముత్యాలయ్య నెమ్మదిగా, మొదలుపెట్టిన పని కానియ్యమన్నాడు. ప్రసాద్ కొత్త టెన్షనర్ బిగించి, బెల్టు ఎక్కించి, అది ప్రతి చక్రం మీదా వరసగా కూర్చుందో లేదో ఒకటికి రెండుసార్లు చూశాడు. ఇంజను స్టార్టయింది. బెల్టు నిదానంగా తిరిగింది. ముత్యాలయ్య ఇంజను ఆపి, వాకాడులో బస్సు తప్పిపోతుందని, బయల్దేరమన్నాడు. ఆటో దాకా వెంట రాలేదు.

మర్నాడు ప్రసాద్ రమణయ్యకు కూడా జరిగింది చెప్పాడు. వినీల అన్నట్టే రమణయ్య నాలుగు మాటలు అని ఊరుకున్నాడు. మెకానిక్కుల చెవిన కూడా పడింది. ఒకరిద్దరు మాట విసిరారు, తర్వాత మరచిపోయారు. ప్రసాద్ భయపడినంతగా అతని పేరేమీ పోలేదు. ఆ సంగతి అతనికి ఇంకా బాధ కలిగించింది. ఇంత చిన్నదాని కోసమా ఆ రోజు నోరు మూసుకున్నాను అనుకున్నాడు.

ముత్యాలయ్య చేయి పూర్తిగా బాగవలేదు. చర్మం బిగుసుకుపోయి వేళ్లు సగమే ముడుచుకుంటాయి. తడి వల లాగడానికి ఆ పట్టు చాలదు. బోటు మీద తన చోటు తమ్ముడు చిన్నాకు ఇచ్చి, తాను కారు బాడుగలకే పరిమితమయ్యాడు. వేళ్లకు వ్యాయామం చేయించడానికి నెల్లూరు ఆసుపత్రికి పోవాల్సి వచ్చినప్పుడు ప్రసాద్ సెలవు పెట్టుకుని వచ్చి తోడు వెళ్లాడు. మొదటిసారి అడగకుండానే వచ్చాడు. ముత్యాలయ్య రమ్మనలేదు, వద్దనలేదు, కారు తలుపు తీశాడు. దారిలో ఇద్దరూ వానల గురించీ, రొయ్యల గుంటల గురించీ మాట్లాడుకున్నారు. ఆసుపత్రిలో వేళ్లను నొక్కి వంచుతుంటే ముత్యాలయ్య పళ్లు బిగించి కిటికీ వైపు చూసేవాడు. ప్రసాద్ బయట బెంచీ మీద కూర్చోవచ్చు. కానీ ప్రతిసారీ లోపలే నిలబడి చూసేవాడు.

పాళెంలో ఇంకా కొన్ని పాత కార్లున్నాయి. వాళ్లు ఇప్పుడు సామాన్లకు గూడూరు పోతున్నారు. పొమ్మని చెప్పింది ముత్యాలయ్యేనని ప్రసాద్‌కు తెలుసు, ముత్యాలయ్యే దాచకుండా చెప్పాడు. అది న్యాయమేనని ప్రసాద్‌కు అనిపించింది. మళ్లీ ఆసుపత్రికి పోయే రోజున మాత్రం వాకాడు బస్టాండులో ముత్యాలయ్య కారు ఆపుకుని, ప్రసాద్ బస్సు దిగేదాకా ఎదురుచూశాడు.