స్పెయిన్ ఆటగాడి మోకాలు

మేముండే క్యారీ ఊళ్లో ఏప్రిల్ వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లన్నీ పసుపు పూసినట్టు తయారవుతాయి. అతను మా క్లినిక్‌కి మొదటిసారి వచ్చింది ఆ రోజుల్లోనే. నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ముసలివాళ్లు, లేదంటే కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మెడలు పట్టేసిన సాఫ్ట్‌వేర్ వాళ్లు. అయితే మాకు దగ్గర్లోనే ఒక ప్రొఫెషనల్ సాకర్ జట్టు ఉండేది. పెద్ద లీగ్‌కి ఒక మెట్టు కింద ఆడే జట్టు. దెబ్బలు తగిలిన ఆటగాళ్లని వాళ్లు మా దగ్గరికి పంపేవాళ్లు. అలా వచ్చాడు ఈ స్పెయిన్ దేశస్థుడు.

ముప్పై ఆరేళ్లుంటాయి. గడ్డంలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు. బల్ల మీద పడుకోబెట్టి ప్యాంటు పైకి మడిచి చూస్తే కుడి మోకాలు కొబ్బరికాయంత ఉంది. "అబ్బో, ఎంత వాచిపోయిందో" అనుకున్నాను, పైకే, తెలుగులోనే. మోకాలిచిప్ప పక్కన బొటనవేలితో నొక్కాను.

అతను కళ్లు మూసుకుని "నొప్పి" అన్నాడు.

నేను చెయ్యి తీసేశాను. ఏమన్నారని ఇంగ్లీషులో అడిగాను.

"నొప్పి," మళ్లీ అన్నాడు. "మీరు మాట్లాడింది తెలుగే కదా? నేను హైదరాబాద్‌లో ఒక సీజన్ ఆడాను."

అక్కడ జట్టుకి మసాజ్ చేసే ఒక పెద్దాయన ఉండేవాడట. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఇతనికి తెలుగు రాదు. అందువల్ల ఇతనికి వచ్చిన తెలుగంతా ఒంటికి సంబంధించిందే. నొప్పి, మెల్లగా, ఇంకోసారి, చాలు. "తెలుగులో భోజనం అడగలేను. కానీ నా తొడ గురించి ఎంతసేపైనా మాట్లాడగలను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వారం మొత్తంలో నేను నవ్వింది అప్పుడేననుకుంటా.

అప్పటికే నేను చాలా అలిసిపోయి ఉన్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరి కాళ్లు ఎత్తడం, దించడం, ఇంటికొచ్చి వాళ్ల గురించి నోట్స్ టైప్ చేయడం. గ్రీన్ కార్డు వచ్చేదాకా క్లినిక్ మారే వీల్లేదు. ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లూ లేరు. కొన్ని సాయంత్రాలు గరాజ్‌లో కారాపి, దిగడానికి ఓపిక లేక స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చునేదాన్ని.

వారానికి మూడుసార్లు వచ్చేవాడు. మోకాలికి ఐస్ కట్టి ఉంచినంతసేపూ కబుర్లు చెప్పేవాడు. అడిగితే చెప్పడం కాదు, ఎవరో ఒకరికి చెప్పుకోవాలన్నట్టు చెప్పేవాడు. వాళ్లది ఎండకి మాడిపోయే చిన్న ఊరు. నాన్నకి బేకరీ ఉంది. పద్నాలుగో ఏట పెద్ద నగరంలోని ఒక క్లబ్ వాళ్లు తీసుకెళ్లి హాస్టల్లో పెట్టారు. ఊళ్లోవాళ్లంతా బస్టాండు దాకా వచ్చి సాగనంపారట. పంతొమ్మిదో ఏట అదే క్లబ్‌లో ఒక ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, నువ్వు చాలా మంచి కుర్రాడివి, ఇక వెళ్లవచ్చు అన్నారు. ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక మూడో డివిజన్‌లో ఒక జట్టులో చేరాడు. తర్వాత ఇంకొకటి. చివరికి రెండో డివిజన్.

"మొదటి డివిజన్‌లో ఆడలేదా?" అని అడిగాను.

"ఒక్క మ్యాచ్. అయిపోవడానికి కాసేపు ముందు మైదానంలోకి దింపారు. బంతి నాకు రెండుసార్లు తగిలింది. రెండోసారి నేను తన్నానో, అదే వచ్చి తగిలిందో ఇప్పటికీ తెలీదు."

స్వదేశంలో పిలిచేవాళ్లు తగ్గాక బయటి దేశాలు మొదలయ్యాయి. సైప్రస్, పోలండ్, హైదరాబాద్, ఆ తర్వాత ఇక్కడ. ఎక్కడికి వెళ్లినా క్లబ్ ఇచ్చే అపార్ట్‌మెంట్ ఒకేలా ఉండేదట. అదే తెల్లగోడ, అదే పొట్టి సోఫా, పడుకుంటే కాళ్లు బయటికొచ్చే సోఫా. మొదట్లో భార్యా కూతురూ కూడా వెళ్లేవాళ్లు. స్కూలు మారినప్పుడల్లా భాష మారిపోతుంటే పాప మాట్లాడటమే తగ్గించేసింది. పోలండ్‌లో ఒక చలికాలమంతా అసలు నోరు విప్పలేదు. దాంతో భార్య పాపని తీసుకుని సొంతూరు వెళ్లిపోయి అక్కడే టీచరుగా చేరింది. ఇతను మాత్రం తిరుగుతూనే ఉన్నాడు.

మే నెలాఖరులో మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చారు. కొన్ని నెలలు ఉండి వెళ్దామని. ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇంట్లో ఒక్కరే కూర్చుని విసిగిపోతున్నారని మా బాస్‌ని అడిగి అప్పుడప్పుడు మధ్యాహ్నాలు క్లినిక్‌కి తీసుకెళ్లి, ఖాళీగా ఉన్న బల్ల మీద వ్యాయామాలు చేయించేదాన్ని. మెట్లు ఎక్కి దిగడం నేర్పడానికి మా గదిలో ఒక మూల చెక్కమెట్లు ఉండేవి, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలతో. ఒకరోజు ఇతను ఆ మెట్ల మీద నుంచి దిగుతున్నాడు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, పళ్లు బిగించి.

"ఈ అబ్బాయికేమైందమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"ఫుట్‌బాల్ ఆడతాడత్తయ్యా. మోకాలు దెబ్బతింది."

"అయ్యో రాత! అట్లా కాదు బాబూ, ఉండు." ఆవిడ లేచి చీర కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని మెట్లెక్కారు. "ఇట్లా అడ్డంగా తిరుగు. నొప్పి ఉన్న కాలు ముందు కిందికి పెట్టు. ఆ తర్వాత రెండోది. మెల్లగా."

అతనికి నొప్పి, మెల్లగా అనే రెండు ముక్కలే అర్థమై ఉంటాయి. అవే సరిపోయాయి. ఆవిడ వెనకాలే ఎక్కి, ఆవిడలాగే కమ్మీ వైపు తిరిగి, ఒక్కో మెట్టూ అడ్డంగా దిగాడు. పక్క బల్లల మీదున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అత్తయ్య మురిసిపోయారు. అతను కూడా నవ్వాడు గానీ, బల్ల దగ్గరికొచ్చాక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఆవిడ వయసువాళ్లలా దిగితే నొప్పి లేదు. దానికే భయమేసింది."

ఆగస్టులో స్కాన్ తీశారు. కీలులో ఎముకల మధ్య మెత్తగా ఉండే మృదులాస్థి చాలాచోట్ల అరిగిపోయి ఎముక బయటపడింది. ఇంకో ఇంజెక్షన్ ఇస్తే సీజన్ చివరిదాకా ఆడొచ్చని క్లబ్ డాక్టర్ అన్నాడట. అతను ఆ మాట నాకు చెప్పి, "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగాడు.

నేను దాచలేదు. ఇంజెక్షన్‌తో ఆడొచ్చు. ఆడిన ప్రతి మ్యాచ్‌కీ తర్వాత నడిచే రోజులు తగ్గుతాయి. ఆపరేషన్ ఎటూ తప్పదు. అదే చెప్పాను.

"నేను ఆడుతూ కనిపిస్తేనే వచ్చే ఏడాదికి కాంట్రాక్ట్. కాంట్రాక్ట్ ఉంటేనే ఈ దేశంలో ఉంటాను. నా వీసా ఈ మోకాల్లో ఉంది."

"నాది ఈ చేతుల్లో ఉంది" అన్నాను.

 ఐస్ కరిగి నీళ్లు బల్ల మీద నుంచి కిందికి కారుతుంటే తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర, అతను ఎవరూ లేకుండా ఒక్కడే ఉంటాడని అత్తయ్య మా ఆయనతో చెప్పారు. "సండే లంచ్‌కి పిలుద్దాం. నేనెళ్లి పికప్ చేసుకొస్తా" అన్నాడు మా ఆయన. అలా అతను మా ఇంటికి వచ్చాడు. అత్తయ్య పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉన్నారు. ముద్దపప్పు, గోంగూర, కోడికూర. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ హోటల్ బిర్యానీలే తిన్నాడట, గోంగూర ఎప్పుడూ చూడలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆపకుండా తిన్నాడు.

"ఇంకా ఎన్నాళ్లు ఆడతావు బాబూ?" అని అడిగారు అత్తయ్య. మా ఆయన ఇంగ్లీషులో చెప్పాడు.

అతను వేళ్లు చూసుకున్నాడు. "ఆపడం ఎలాగో నాకు తెలీదు. పద్నాలుగో ఏట నుంచీ ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఏ దేశం వెళ్లాలో ఎవరో ఒకరు చెప్తూ వచ్చారు. ఇది కూడా ఎవరైనా చెప్తారని చూస్తున్నాను."

"మీ ఆవిడ ఏమంటోంది?"

"ఎప్పుడొస్తావని అడిగేది. రెండేళ్లయింది అడగడం మానేసి."

మా ఆయన ఈ మాట తెలుగులో చెప్పడానికి కాస్త తడబడ్డాడు. అత్తయ్య విని, అతని కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టారు. "ఆమె అడక్కపోతే నువ్వే చెప్పాలి మరి. తిన్నాక ఫోన్ చెయ్యి. ఇక్కడి నుంచే చెయ్యి."

అలా అంటే చేస్తాడని నేను అనుకోలేదు. చేతులు కడుక్కుని, ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్లి అద్దాల తలుపు వేసుకున్నాడు. వాళ్లకి అప్పుడు సాయంత్రం. మేం గిన్నెలు సర్దుతుంటే అద్దంలోంచి కనపడుతూనే ఉన్నాడు. కాసేపు తిరిగాడు, కాసేపు రెయిలింగ్‌కి ఆనుకున్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని వాచిన కాలు చాపుకుని వింటూ ఉండిపోయాడు. లోపలికి వచ్చేసరికి టీ చల్లారిపోయింది.

"చెప్పేశాను. సీజన్ అయిపోగానే ఇంటికొస్తున్నానని" అన్నాడు.

"ఏమంది?" మేం ముగ్గురం ఒకేసారి అడిగాం.

"సరే అంది. పాపకి నువ్వే చెప్పుకో అంది."

"అంతేనా?"

"అంతే." అతని మొహంలో సంతోషం కంటే ఆశ్చర్యం ఎక్కువ కనపడింది. అన్నేళ్ల పరుగు ఒక్క "సరే"తో ఆగిపోతుందని అతను అనుకుని ఉండడు. ఆ చల్లారిన టీనే తాగి, మా ఆయనతో కారెక్కి వెళ్లిపోయాడు.

ఆఖరి మ్యాచ్ అక్టోబర్‌లో. ఇంజెక్షన్ వద్దన్నాడు. అయినా కోచ్ మొదటి నుంచే ఆడించాడు, వెళ్లిపోతున్నాడు కదా అని. మేం ముగ్గురం వెళ్లాం. అత్తయ్య శాలువా కప్పుకుని, ఎటు చూడాలో తెలియక మా ఆయన్ని అడుగుతూ కూర్చున్నారు. నాకు ఆట పెద్దగా తెలీదు. కానీ అతను అందరికంటే తక్కువ పరిగెడుతున్నాడనీ, బంతి మాత్రం అతను ఉన్నచోటికే వస్తోందనీ నాకు కూడా తెలిసింది. బంతి రాగానే చూడకుండా ఎటో తన్నేవాడు. అక్కడ మా జట్టువాడు ఒకడు ఖాళీగా ఉండేవాడు.

విరామం తర్వాత కాసేపటికి ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, బెంచ్ వైపు తిరిగి తనే చెయ్యి ఎత్తాడు. అన్నేళ్లలో తనంతట తాను ఎప్పుడూ బయటికి రాలేదని, లాగేస్తే తప్ప రానని ఒకసారి నాతో గొప్పగా చెప్పాడు. మైదానంలో నుంచి నడుచుకుంటూ వస్తుంటే లేచి చప్పట్లు కొట్టాం. మా వరసలో సగం మంది తిండి కోసం క్యూలో ఉన్నారు. మైకులో అతని పేరు తప్పుగా పలికారు. అతను పట్టించుకోలేదు. బెంచ్ మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకున్నాడు.

"గెలిచారా?" అన్నారు అత్తయ్య చివర్లో.

"డ్రా అత్తయ్యా. ఎవరూ గెలవలేదు."

"పోనీలే."

తర్వాతి వారం వెళ్లిపోయాడు. చలికాలంలో ఆపరేషన్ అయింది. వసంతంలో నాకు ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి పడుకునే ఉన్నాడట. ఎంత నిద్రంటే, భార్య భయపడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టర్ చూసి, ఇతనికి ఏ జబ్బూ లేదు, పడుకోనివ్వండి అన్నాడట. ఇప్పుడు నాన్న బేకరీ వ్యాన్‌లో పక్క ఊళ్లకి రొట్టెలు వేసి వస్తున్నాడు. ఊరి జట్టు పిల్లలకి ఆట నేర్పమంటున్నారు, ఇంకా ఏమీ చెప్పలేదు. కూతురు మొదట్లో తనని ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేదట. ఈ మధ్య టీవీ రిమోట్ కోసం పోట్లాడుతోందట. అది చెప్పేటప్పుడు గొంతులో నవ్వు వినపడింది.

ఆ మెసేజ్ క్లినిక్ పార్కింగ్‌లో, కార్లో కూర్చుని రెండుసార్లు విన్నాను. మర్నాడు మా బాస్‌తో మాట్లాడాను. వీసాకి ఇబ్బంది లేదని లాయర్‌ని అడిగి తెలుసుకుని, నా గంటలు మిగతా రోజుల్లో సర్దుకుని బుధవారాలు సెలవు తీసుకోవడానికి ఆవిడ ఒప్పుకుంది. ఇంత తేలికని తెలిసుంటే ఎప్పుడో అడిగేదాన్ని.

మొదటి బుధవారం మా ఆయన ఆఫీసుకి వెళ్లాక దుప్పటి కప్పుకుని పడుకున్నాను. గుంటూరు నుంచి అత్తయ్య ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

"గొంతు అట్లా ఉందేంటమ్మాయ్? ఒంట్లో బాగోలేదా?"

"ఏం లేదత్తయ్యా. ఇప్పటిదాకా నిద్రపోయాను."

"మంచి పని చేశావు. రేపు చేస్తాలే" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. నేను ఇంకో పక్కకి తిరిగి పడుకున్నాను.