కాచిగూడ నుంచి మైసూరుకు: టికెట్‌లో తగ్గిన ఒక పేరు

అశోక్ నగర్‌లో ఏదైనా పెద్ద పోటీ పరీక్ష అయిపోయిందంటే, మర్నాటి నుంచి వారం పది రోజులు మా జెరాక్స్ దుకాణానికి పని ఉండదు. కోచింగ్ పిల్లలంతా హాస్టల్ గదులకు తాళాలు వేసి ఊళ్లకు వెళ్లిపోతారు. నేనూ మా ఆయన శ్రీనూ ఏడాది మొత్తంలో పిల్లలను తీసుకుని ఎక్కడికైనా వెళ్లగలిగేది ఆ వారంలోనే. ఈసారి మైసూరు అనుకున్నాం. పిల్లలకు ప్యాలెస్ చూపిస్తామని చెప్పాం గానీ, నిజానికి ఆ ప్రయాణం మా అత్తమ్మ కోసం పెట్టుకున్నది. అత్తమ్మ పేరు నాగమ్మ, అరవై ఆరేళ్లు. పెళ్లయిన కొత్తలో పాలమూరు వైపు నుంచి మామయ్యతో కలిసి భవనాల పనికి హైదరాబాద్ వచ్చింది. నారాయణగూడ, బర్కత్‌పురల్లో ఆమె ఇసుక మోసిన అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తుంది. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్‌కు నలభై ఏళ్లు ప్యాసింజర్ బండిలో తిరిగింది, ఎప్పుడూ తలుపు పక్కన మూట మీద కూర్చునే. పోయిన ఏడాది బంధువులను ఎక్కించడానికి స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఏసీ బోగీ అద్దంలోంచి లోపలికి చూసి, "గీళ్లు పండుకోనే పోతరా బిడ్డా? నేనొక్కనాడు బండిల ఒరగలే" అంది. ఆ మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

ఇలాంటి ప్రయాణం అనుకునేవాళ్ల కోసం ఖర్చు సంగతి ముందే చెప్తాను. కాచిగూడ నుంచి మైసూరుకు నేరుగా బండి ఉంది. సాయంత్రం ఏడు దాటాక బయలుదేరి మర్నాడు ఉదయం పదిలోపు దింపుతుంది. థర్డ్ ఏసీలో మనిషికి దాదాపు పదకొండు వందల డెబ్బై, స్లీపర్‌లో నాలుగు వందల నలభై. మేం నలుగురం పెద్ద టికెట్టు వాళ్లం: నేను, శ్రీను, అత్తమ్మ, ఏడో తరగతి చదివే మేఘన. ఎనిమిదేళ్ల చిన్నికి బెర్తు అడగకపోతే సగం చార్జీ, అడిగితే పూర్తి చార్జీ. అందరికీ బెర్తులు తీసుకుని రానూపోనూ ఏసీలో వెళ్తే పన్నెండు వేలకు దగ్గర పడుతుంది. పెద్దవాళ్లకు ఇచ్చే రాయితీని కరోనా సమయంలో ఆపేశారు, అది మళ్లీ మొదలు కాలేదు. అందుకని పోయేటప్పుడు ఏసీ, వచ్చేటప్పుడు స్లీపర్, చిన్ని నా పక్కనే పడుకునేట్టు తేల్చాం. అప్పటికీ ఏడు వేల మూడు వందలు అయింది. మా దుకాణం కిరాయిలో సగం.

టికెట్లు కాచిగూడ కౌంటర్‌లో శ్రీను తీసుకొచ్చాడు. ఒకే ఫారం మీద ఐదుగురి పేర్లూ రాశాడు. "ఒక్క టికెట్ల ఉంటే అందరం ఒక్కకాడ కూసుంటం" అన్నాడు. బెర్తులు చూస్తే మధ్యవి రెండు, పైవి రెండు. కింద ఒక్కటీ లేదు. మోకాళ్లు పట్టేసిన మనిషి పైకెలా ఎక్కుతుందని నేను అడిగితే, బండిలో ఎవరినైనా బతిమాలుకుందామన్నాడు. ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. ఆ చిరాకులోనే ఒక మాట అనేశాను: "అత్తమ్మ లేకపోతే నలుగురం ఎంచక్కా స్లీపర్‌లో పోయేవాళ్లం, ఇంత ఖర్చే ఉండేది కాదు." చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో అన్న మాట రెండో గదిలో వినబడకుండా ఉండదు. అన్నాక నాకది గుర్తు కూడా లేదు.

ప్రయాణం గురువారం. బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు టికెట్ల కవర్ తీశాను. ఏ కాగితం చేతికొచ్చినా దానికో జెరాక్స్ తీసి పెట్టుకోవడం మా వ్యాపారంతో వచ్చిన జబ్బు. కవర్ ఉబ్బుగా ఉంది. లోపల టికెట్లతో పాటు మడత పెట్టిన నోట్లు, పదమూడు వందలు. టికెట్ చూస్తే నాలుగే పేర్లు. తిరుగు టికెట్‌లోనూ నాలుగే. మూడుసార్లు లెక్కపెట్టాను. నాగమ్మ అన్న పేరు రెండింటిలోనూ లేదు.

అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. టికెట్ చూపించాను. తలెత్తకుండానే చెప్పింది.

"నేనే తీపిచ్చిన బిడ్డ. మొన్న సోమవారం కాదు, అంతకు ముందటి సోమవారం. మీరు నలుగురు పోయి రాండ్రి."

"ఎవరు తీపియ్యమన్నరు అత్తమ్మా?"

"ఎవరన్న చెప్పాల్నా? మనిషికి పదకొండు వందలంటివి. గా పైసలకు మేము ఎన్నొద్దులు ఇసుక మోసినమో నీకెర్క లేదు. నేను లేకుంటే మీకు సస్తల అయితది. ఉత్తగ నన్నెందుకు మోస్తరు?"

నా మాట నాకే తిరిగి వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. అక్షరం రాని మనిషి, ఒంటరిగా కాచిగూడ దాకా వెళ్లి, ఎవరితోనో ఫారం రాయించుకుని, తన పేరు కొట్టేయించుకుని, మిగిలిన డబ్బు లెక్క ప్రకారం కవర్లో పెట్టి, తొమ్మిది రోజులు మాతో కలిసి మైసూరు కబుర్లు చెప్పింది. చిన్నికి స్వెట్టర్ కూడా వెతికి పెట్టింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. "నువ్వు రాకుంటే ఎవ్వరం పోము" అని గట్టిగా అరిచాను. ఆమె కూడా గట్టిగానే అంది, "ఒర్లకు, పక్కింటోళ్లు వింటరు."

శ్రీనుకు ఫోన్ చేస్తే, పది గంటలకు తత్కాల్ తెరుచుకుంటుంది, ప్రయత్నిద్దామన్నాడు. తత్కాల్ అంటే మూడు నాలుగు వందలు అదనం, పైగా కింద బెర్తే వస్తుందన్న హామీ లేదు. నేను అది వినకుండా అత్తమ్మను లేవదీసి నారాయణగూడ వైపు నడిపించి కాచిగూడ బస్సెక్కించాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. మా ఇంట్లో సిటీ బస్సుకు డబ్బు కట్టేది శ్రీను ఒక్కడే.

రిజర్వేషన్ హాల్లో పదిమంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. కౌంటర్‌లో ఉన్నావిడ అత్తమ్మను చూడగానే గుర్తుపట్టింది.

"ఈ పెద్దమ్మే కద పేరు తీసెయ్యమని వచ్చింది? ఎందుకమ్మా అని అడిగిన. పానం మంచిగ లేదన్నది."

"పానం బాగానే ఉంది మేడం. మళ్లీ పేరు పెట్టాలె" అన్నాను.

"అట్ల మళ్ల పెట్టనీకి రాదు. కొత్త టికెట్ తియ్యాలె. మామూలుగ చూస్తే వెయిటింగే ఉంది." ఆవిడ స్క్రీన్ వంక చూస్తూ ఆగింది. "వయసెంత?"

"అరవై ఆరు."

"ఒక్కదానికే టికెట్టా?"

"అవును."

"మరి మొదలే గట్ల తియ్యొద్దా? ఐదుగురి పేర్లు ఒక్క ఫారం మీద రాస్తే పెద్దోళ్ల కోటా ఏడ పడతది? అరవై దాటిన మొగోళ్లు, నలభై ఐదు దాటిన ఆడోళ్లు ఒక్కరుగనో, ఇద్దరుగనో విడిగ తీసుకోవాలె. అప్పుడు కింద బెర్తు కోటా ఉంటది." రెండు మీటలు నొక్కింది. "థర్డ్ ఏసీల ఒక్కటి ఉంది. కింద. బీ టూ. మీ నలుగురిది బీ వన్, పక్క బోగీనే. ఇయ్యాల్నా?"

ఇవ్వమన్నాను. తిరుగు ప్రయాణానికి స్లీపర్‌లో కూడా అదే కోటాలో కింద బెర్తు దొరికింది. చార్జీ మామూలుదే, ఒక్క రూపాయి అదనం లేదు. మొత్తం మీద మాకు పోయింది రద్దు చేసినందుకు కోసుకున్న మూడు వందల పది రూపాయలు. ముందే ఈ సంగతి తెలిసుంటే ఆ మూడు వందలూ పోయేవి కావు, బెర్తుల గురించి వాదనా ఉండేది కాదు. అత్తమ్మ కొత్త టికెట్‌ను చీర కొంగుకు ముడేసుకోబోయింది. నేను తీసి నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని జిప్ వేశాను.

గురువారం మధ్యాహ్నం పులిహోర కలిపాను, అత్తమ్మ జొన్నరొట్టెలు చేసింది. ఐదుగురికి బండిలో భోజనం కొంటే ఐదారు వందలు అయిపోతాయి కాబట్టి రాత్రి తిండి ఇంటి నుంచే. నీళ్లు ఐదు సీసాలు. ఆరింటికి సందు చివర ఆటో ఆపితే డ్రైవర్ మమ్మల్నీ బ్యాగుల్నీ ఒకసారి చూశాడు.

"కాచిగూడనా అక్కా? నూట యాభై ఇయ్యున్రి."

"గింత దూరానికా? మొన్న ఎనభైకే వచ్చినం" అన్నాడు శ్రీను.

"మొన్న సామాన్ లేదు కదన్నా. ఐదుగురు, మూడు బ్యాగులు. జర నా బండిని గూడ చూడున్రి."

నూట ఇరవైకి కుదిరింది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర పావుగంట ఇరుక్కున్నాం. ఆ సమయంలో వెళ్లేవాళ్లు కనీసం గంటంపావు చేతిలో ఉంచుకోండి. రెండున్నర కిలోమీటర్లే కదా అని ధీమాగా ఉంటే బండి వెళ్లిపోతుంది.

బండి సరిగ్గా సమయానికే కదిలింది. శ్రీను, మేఘన బీ వన్‌లో ఉండిపోయారు. నేనూ చిన్నీ పడుకునే వేళ దాకా అత్తమ్మ దగ్గర కూర్చుందామని బీ టూకి వచ్చాం. ఆమె బెర్తు మీద అంచున కూర్చుంది, ఎవరో లేపుతారేమో అన్నట్టు. దుప్పటి, దిండు ఇచ్చినతన్ని "ఎంత బాబూ?" అని అడిగింది. టికెట్‌లోనే ఉందంటే నమ్మలేదు, అతను దూరంగా వెళ్లేదాకా దిండు ముట్టుకోలేదు. రొట్టెలు తిన్నాక చిన్ని ఆమె చేతులు పట్టుకుని లాగి పడుకోబెట్టింది. రెండు నిమిషాలు పైకప్పు చూసింది. తర్వాత పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, నిద్రపోయింది.

తొమ్మిది కావస్తుండగా బండి నెమ్మదించింది. నేను చిన్నిని తీసుకుని మా బోగీకి వెళ్దామని లేచేలోపే అత్తమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. చెప్పులు వేసుకుంది. దుప్పటి మడిచింది. సంచీ చంకన పెట్టుకుని తలుపు వైపు నడవడం మొదలుపెట్టింది. నాకు ముందు అర్థం కాలేదు. కిటికీలోంచి చూస్తే మహబూబ్‌నగర్ స్టేషన్.

"అత్తమ్మా, ఏడికి?"

"దిగొద్దా? పాలమూరొచ్చింది."

"మనది ఇక్కడ కాదు. ఇంకా ముందుకు పోవాలె."

ఆమె నడవాలోనే నిలబడిపోయింది. చిన్ని పగలబడి నవ్వింది, ఎదుటి బెర్తు ఆయన కూడా నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. వచ్చి కిటికీ పక్కన కూర్చుని, అద్దానికి చెయ్యి ఆనించి ప్లాట్‌ఫారం చూసింది. మూటలతో దిగుతున్నవాళ్లను చూసింది. "నలభై ఏండ్లు గీడనే దిగిన బిడ్డ. బండి ఇంకా ముంగటికి పోతదని ఎర్కనే, నేను పోతనని ఎర్క లేదు" అంది. ఆ మాటకు నేను ఏడ్చేశాను, దాచుకోలేదు. బండి కదిలాక ఆమె మళ్లీ దుప్పటి విప్పుకుని పడుకుంది. ఉదయం బెంగళూరు దాటేదాకా లేవలేదట.

మైసూరులో స్టేషన్ దగ్గరే పదమూడు వందలకు గది దొరికింది. ప్యాలెస్‌కు ఆటో మీటరు మీద వెళ్లాం, అక్కడ చెప్పులు విప్పి నడవాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఎండెక్కకముందే తీసుకెళ్లండి. అత్తమ్మ స్తంభాలను చేత్తో తట్టి చూసి, వీటిని ఎంతమంది ఎత్తారో అంది. తిరిగి స్లీపర్‌లో వచ్చాం. ఉక్కగా ఉన్నా ఎవరికీ పెద్ద ఇబ్బంది కాలేదు. మళ్లీ వెళ్లినా ఇలాగే ఒకవైపు ఏసీ, ఒకవైపు స్లీపర్ తీసుకుంటాను.

రైలు చార్జీలు కుటుంబాలకు భారమే, అందులో అబద్ధం లేదు. ఏసీ వద్దు, గది చిన్నది చాలు, తిండి ఇంటి నుంచే అంటూ ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ పోతాం. అలా తగ్గించే లెక్క పైకి వేస్తున్నప్పుడు, ఇంట్లో ఒకరు నోరెత్తకుండా విని, ముందు తమనే తగ్గించేసుకుంటారని నాకు తట్టలేదు. డబ్బు సంపాదించే వయసు దాటినవాళ్లకు తాము అదనపు ఖర్చు అనిపించడానికి పెద్ద మాటలేమీ అక్కర్లేదు, నేను చిరాకులో అన్నటువంటి ఒక్క వాక్యం చాలు. అందుకని ప్రయాణం పెట్టుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదీ: ఇంట్లో పెద్దవాళ్లకు అందరితో కలిపి కాకుండా విడిగా, కింద బెర్తు కోటాలో, అందరికన్నా ముందు టికెట్ తీయండి. మిగతావాళ్లకు ఏసీయా స్లీపరా అన్న లెక్క ఆ తర్వాత వేసుకోవచ్చు. అది కూడా వాళ్లకు వినబడకుండా వేయండి.