నేను మిగిలిపోయిన శుక్రవారం

దోహాలో మా ఆదివారం శుక్రవారం నాడు వచ్చేది. సెలవు ఆ ఒక్కరోజే కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. ఈ సంగతి అమ్మకు ఉత్తరంలో రాస్తే, "వారాన్ని మార్చుకుంటే మార్చుకున్నారు గానీ దేవుణ్ణి మార్చుకోకండి" అని జవాబు రాసింది. దేవుణ్ణి మార్చలేదు. ఆయన్ని మెల్లగా పిలవడం మాత్రం నేర్చుకున్నాం.

చమురు పుణ్యమా అని ఊరంతా తవ్వి, ఊరంతా కడుతున్న రోజులవి. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక మూడంతస్తుల భవనం, దాని పై అంతస్తులో రెండు గదుల ఇల్లు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక డ్రాఫ్ట్స్‌మన్, ఆయన భార్య అందులో ఉండేవారు. ఆయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం, ఆమెను అక్క అనేవాళ్ళం. పాస్టరు లేని మా పదిహేను మందికీ ఆయనే పాస్టరు. చర్చి భవనాలు అప్పట్లో అక్కడ లేవు. ఇళ్ళల్లో కూడుకుంటే ఎవరైనా ఏమైనా అన్నారా అంటే, నేనున్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు. అయితే, ఎవరూ ఏమీ అనడం లేదు కదా అని నిశ్చింతగా ఉండే రకం కాదు నేను. ఎవరో ఒకరు తలుపు కొడతారు, వీసా పోతుంది, మర్నాడు విమానం ఎక్కిస్తారు. ఇది నా వారంవారం లెక్క. డ్యూటీలో ఓవర్‌టైం ఎప్పుడూ చేయలేదు గానీ, భయపడడంలో మాత్రం చేసేవాణ్ణి.

ఆ భయంలోంచి కొన్ని పద్ధతులు పుట్టాయి. అందరూ ఒకేసారి రాకూడదు. నోవహు ఓడలోకి ఎక్కినట్టు జతలు జతలుగా, పది నిమిషాల తేడాతో రావాలి. చెప్పులు గుమ్మం బయట విడవకూడదు, చేత పట్టుకుని లోపలికి తెచ్చి మంచం కింద పెట్టాలి. చప్పట్లు రెండు వేళ్ళతోనే. పాట పెదవులు దాటాలి గానీ గోడ దాటకూడదు. ఈ నియమాల్లో సగం నేను పెట్టినవే.

పెద్దాయన ఏ వాక్యం తీసినా చివరికి రెండవ రాకడ దగ్గరికే, ప్రభువు మళ్ళీ వచ్చే రోజు దగ్గరికే వచ్చేవారు. "ఇక్కడ మనం చేసేది రిహార్సలే. ఆయన మేఘాల మీద వచ్చాక పాట నేర్చుకుందామంటే టైముండదు. సైటులో ఇద్దరు పని చేస్తుంటారు. ఒకడు ఆకాశానికి ఎత్తబడతాడు, ఒకడు మిగిలిపోతాడు" అని, నా వైపు చూసి, "ఆ టైము మాత్రం మన టైంకీపరుకు కూడా తెలియదు" అనేవారు. నేను ఒక కట్టడాల కంపెనీలో టైంకీపర్ని. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, కాస్త తేలిగ్గానే. మా తాతగారి నాటి నుంచి క్రైస్తవులం. పరలోకంలో నా బెర్తు ఎప్పుడో ఖాయమైందనీ, భయమల్లా ఈ లోకంలో వీసా గురించేననీ నా నమ్మకం.

మా సైటులో నిజామాబాద్ వైపు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఒకరోజు హాజరు వేయించుకోవడానికి వచ్చి, కిటికీ దగ్గర ఆగి, "ముక్కుతోని ఏందో పాడుతున్నవ్ సార్, ఏం పాట?" అన్నాడు. దేవుని పాట అన్నాను. "ఏ దేవుడు?" అన్నాడు. చెప్పాను. అలా మొదలైంది. రెండు నెలల్లో ఆయన నాకంటే ఎక్కువ ప్రశ్నలు వేసేవాడయ్యాడు. నేనే వెంటబెట్టుకుని ఆరాధనకు తీసుకెళ్ళాను. ఒక ఆత్మను తెచ్చానని నాకు బోలెడు గర్వం.

గర్వం నాలుగు వారాలే నిలిచింది. ఎందుకంటే ఆయన పాడేవాడు. కాంక్రీటు కలిపే మిషను పక్కన ఏళ్ళ తరబడి మాట్లాడిన గొంతు అది, దానికి మెల్లగా అనేది తెలియదు. ఐదో శుక్రవారం ఆయన "అల్లెలూయా" అనగానే కింది ఇంట్లోంచి ఎవరో కర్రతో కప్పు మీద టకటకా కొట్టారు. నిద్ర చెడిందని కొట్టి ఉంటారు, అంతే. నాకు మాత్రం ఆ కర్ర నా పాస్‌పోర్టు మీద పడినట్టయింది.

ఆ తరువాతి బుధవారం ఆయన టైం ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. "సార్, గీ శుక్రారం ఎన్ని గంటలకు రావాలె?"

"ఈ వారం లేదు" అన్నాను, రిజిస్టరులోంచి తల ఎత్తకుండా. "పెద్దాయనకు ఒంట్లో బాగాలేదు."

"అయ్యో. ఏమైంది?"

"జ్వరం."

అబద్ధానికి జ్వరం పెట్టాక నా ఒంట్లో వేడి పుట్టింది. ఒక్క వారమే కదా, కింది వాళ్ళు మరిచిపోయేదాకా, అని సర్దిచెప్పుకున్నాను. ఆయన కాసేపు అక్కడే నిలబడి, "పాపం" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున నా వంతు ఎనిమిదిన్నరకు. గల్లీలో ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకోవడానికి భవనం చుట్టూ మూడుసార్లు తిరిగాను. మూడోసారి తిరిగేటప్పటికి నన్ను ఎవరైనా గమనించి ఉంటే అది నేను అన్నిసార్లు తిరగడం వల్లే అయి ఉంటుందని తోచి, మళ్ళీ భయపడి, టీ కొట్టులో అరగంట కూర్చున్నాను. తొమ్మిది దాటాక మెట్లెక్కాను.

తలుపు గడియ తీసే ఉంది. చెప్పులు చేత పట్టుకుని లోపలికి వెళ్ళాను.

ఎవరూ లేరు.

ఫ్యాను తిరుగుతోంది. చాప మీద బైబిళ్ళు తెరిచి ఉన్నాయి, ఫ్యాను గాలికి పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి. గిన్నెలో టీ ఇంకా పొగలు కక్కుతోంది. పెద్దాయన కళ్ళజోడు ఆయన బైబిలు మీద ఉంది. అది లేకుండా ఆయన వాకిట్లోకి కూడా వెళ్ళలేరు. కిటికీ గట్టు మీద ఆయన చేతి గడియారం టిక్కుటిక్కుమంటోంది. మంచం కిందికి వంగి చూశాను. చెప్పులన్నీ ఉన్నాయి, వరసగా. బయటికి వెళ్ళినవాళ్ళెవరూ లేరు. లోపల ఉన్నవాళ్ళూ లేరు.

అప్పుడు బట్టలు కనబడ్డాయి. నేల మీద పెద్దాయన ప్యాంటు, చొక్కా. పక్కనే ఇంకో జత. మనిషి లోపలి నుంచి జారి మాయమైతే ఎలా పడతాయో అలా పడి ఉన్నాయి.

"అక్కా" అన్నాను. అంత భయంలోనూ గుసగుసగానే అన్నాను చూడండి. పిలుపు వంటింటిదాకా కూడా వెళ్ళలేదు. కిటికీలోంచి చూశాను. వీధిలో ఒక డ్రైవరు కారు కడుగుతున్నాడు. ఎదుటి కిరాణా కొట్టులో మలయాళీ ఆయన ఉల్లిపాయలు తూస్తున్నాడు. ఆయనా ప్రార్థనాపరుడే, ఆయనా మిగిలాడు కదా అని ఒక్క క్షణం ఊరట కలిగింది. కానీ ఆయన తూకం సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి ఆ ఊరట ఎక్కువసేపు ఆగలేదు.

మళ్ళీ మంచం కిందికి చూశాను. ఆ చివర, గోడ పక్కన, సిమెంటు గట్టిపడిన ఒక జత బూట్లు. ఆ బూట్లు దోహాలో ఎక్కడున్నా గుర్తుపడతాను, రోజూ నా కిటికీ ముందు నిలబడేవే. నేల మీద రెండో జత బట్టలు ఎవరివో అప్పుడు తెలిసింది.

మేస్త్రీ వచ్చాడు. నేను రావద్దన్నా వచ్చాడు. వచ్చి, ఎత్తబడ్డాడు.

సైటులో ఇద్దరు. ఒకడు నిన్నటిదాకా ఏ దేవుడని అడిగినవాడు, ఇంకొకడు మూడు తరాల క్రైస్తవుడు. దేశం దేశమంతా చమురు మీద తేలుతుంటే నా దివిటీలో చుక్క లేదు. చాప మీద కూలబడ్డాను. ప్రార్థన చేయబోతే నోటికి వచ్చింది ఒక్కటే మాట: ఆ జ్వరం అబద్ధం ప్రభువా, ఆ జ్వరం అబద్ధం. తలుపు కొట్టే పోలీసు గురించి అన్ని నెలలు వణికాను. ఆ క్షణంలో ఎవరైనా పోలీసు వచ్చి ఉంటే కావలించుకుని ఉండేవాణ్ణి, కనీసం ఒక మనిషి వచ్చాడని.

ఎంతసేపు అలా ఉన్నానో. తల మీద, పైకప్పుకు అవతల, దభీమని నీళ్ళ చప్పుడైంది. దాని వెంటే, మూడు భవనాలకు వినబడేలా, "అల్లెలూయా!"

మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. డాబా మీద, కొత్తగా తెచ్చి ఇంకా బిగించని నీళ్ళ తొట్టిలో, నడుము లోతున పెద్దాయన పంచెతో నిలబడి ఉన్నారు. పక్కనే మేస్త్రీ, తెల్ల లుంగీతో, నీళ్ళు కారుతూ. చుట్టూ మావాళ్ళంతా ఉత్త కాళ్ళతో. మెట్ల మీద అలికిడి కాకూడదని చెప్పుల్లేకుండా ఎక్కారట. నా నియమాలు అంత బాగా పాటించారు.

"ఏమయ్యా, ఇప్పుడా రావడం?" అన్నారు పెద్దాయన, నీళ్ళు తుడుచుకుంటూ. "ఈయన్ని రేపే ఎడారి అవతల దుఖాన్ సైటుకు పంపుతున్నారట. బాప్తిస్మం ఇవ్వాలంటే ఇవాళే. తెచ్చినవాడివి నువ్వు పక్కన ఉండాలని ఎంతసేపు చూశామో."

అక్క తువ్వాలు అందిస్తూ నవ్వింది. "ఇంకో విడ్డూరం విన్నావా తమ్ముడూ? మా ఆయనకు జ్వరమని ఈ మేస్త్రీకి ఎవరో చెప్పారట. చూసి పోదామని నారింజపళ్ళు పట్టుకుని వచ్చాడు పాపం. తీరా వస్తే రోగి పాట పాడుతున్నాడు!"

"ఎవరు చెప్పారు?" అని ఎవరో అడిగారు.

మేస్త్రీ నా వైపు చూడలేదు. "క్యాంపుల ఎవడో అన్నడు" అన్నాడు, లుంగీ పిండుకుంటూ.

కిందికి దిగి అందరూ చాప మీద కూర్చున్నారు. ఇక ప్రభువు బల్ల, అందరం రొట్టె, రసం పంచుకునే వేళ. అక్క కాల్చిన రొట్టె, ఎండు ద్రాక్ష నానబెట్టి తీసిన రసం. పెద్దాయన ఎప్పుడూ చెప్పేదే చెప్పారు: సహోదరునితో ఏదైనా ఉంటే ముందు సరిచేసుకోండి, ఈలోగా ఆయన వచ్చేస్తే మీకు టైం ఉండదు. అప్పటికి ఎన్నోసార్లు విన్న మాట. ఇంతకు ముందు ఎప్పుడూ అది నా చొక్కా పట్టుకోలేదు.

ఊరుకుంటే సరిపోయేది. ఆయనే కప్పిపుచ్చాడు. రేపు దుఖాన్ వెళ్ళిపోతాడు. కానీ నాకు ఆ ఖాళీ గది కళ్ళముందే ఉంది. మళ్ళీ ఒంటరిగా ఆ చాప మీద కూర్చునే ధైర్యం నాకు లేదు.

"క్యాంపులో ఎవరో కాదు" అన్నాను. "నేనే చెప్పాను."

అక్క నవ్వు ఆగిపోయింది. "బాగున్న మనిషిని మంచాన పడేశావా?" అంది, భర్త వైపు ఒకసారి చూసుకుని.

"ఎందుకు చెప్పావు?" అన్నారు పెద్దాయన.

"ఈయన గట్టిగా పాడతాడని. కింది వాళ్ళు వింటారని. భయమేసింది."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను మేస్త్రీ వైపు తిరిగాను. సైటులో రోజుకు నూరుసార్లు అనే అరబ్బీ మాఫీ, లేదు అని చెప్పే మాఫీ, నాలుక చివర సిద్ధంగా ఉంది. అడగాల్సిన ఉర్దూ మాఫీ, క్షమించమని అడిగే మాఫీ మాత్రం రాలేదు.

"నేను దాస్తనే ఉన్న గద సార్, నువ్వెందుకు చెప్పినవ్?" అన్నాడు ఆయన. గొంతులో కోపం ఉంది. "బుధారం నాడే అనుకున్న, మొహం పైకెత్తి చెప్తలేడు ఈయన అని. ఎర్కనే నాకు. అయినా నిజంగనే జ్వరమేమో, పెద్దాయన పెయ్యి మంచిగ లేదేమో అని వచ్చిన. ఇప్పుడే నీళ్లల్ల ముంచి తీసిండ్రు, ఇప్పుడే నాతోని కోపం చేపిస్తున్నవ్."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు.

"మీటింగు లేదని నాకు చెప్పినవ్ సరే. గా ప్రభువు వచ్చేదుంటే, లేదని నువ్వు చెప్తే ఆగుతడా?"

ఆగడు. నేను తల అడ్డంగా ఊపాను.

రొట్టె పళ్ళెం ముందుగా కొత్త విశ్వాసి చేతికి వెళ్ళడం మా పద్ధతి. తుంచుకుని, తిని, పక్కవారికి ఇవ్వాలి. ఆయనకు ఆ సంగతి తెలియదు. మొదటిసారి కదా. పళ్ళెం పట్టుకుని కాసేపు చూశాడు. సున్నం తిన్న వేళ్ళతో ఒక ముక్క తుంచాడు. అది నోట్లో పెట్టుకోకుండా, చాప మీద ముందుకు జరిగి, నా ముందు పట్టాడు.

"ముందు నువ్వు తిను సార్" అన్నాడు. "నా కంటే నీకే ఎక్కువ భయమున్నది."

తరువాత అందరం కలిసి గట్టిగా పాడామని రాస్తే బాగుండేది. పాడలేదు. పెదవులతోనే పాడాం, వేళ్ళతోనే తాళం వేశాం. ఆయన ఒక్కడే ఎప్పటిలా పాడాడు, మెల్లగా అని ఎవరూ అనలేదు. కింద కర్ర చప్పుడైంది. నా చూపు తలుపు మీదికి పోయింది. రొట్టె ముక్క ఇంకా నా నోట్లోనే ఉంది, నమలడం మరిచిపోయాను.