అట్ట లేని డిటెక్టివ్ నవల

అద్దెకు తెచ్చుకుని, లెక్కల పుస్తకంలో దాచి చదివిన జేబు సైజు డిటెక్టివ్ నవలలు గుర్తున్నాయా? నాటకాలొద్దు, మీరూ చదివారు.

మొన్న గద్వాలలో అమ్మ పెట్టె తెరిస్తే ఒకటి దొరికింది. పాత నవలలు సేకరించే నాగర్‌కర్నూల్ ఆయనకు చూపించాను. కాగితం వాసన చూసి, పిన్నుల తుప్పు గోకి తేల్చాడు.

“అసలుదే అమ్మా, మొదటి అచ్చు. గని అట్ట లేదు, పేజీలంత ఎర్రమరకలు. ధరేమొస్తది?”

“హత్యల పుస్తకానికి మరకలుండక మల్లెపూలుంటయా నాయనా?”

అది మా ఇంట్లో అమ్మా, అక్కా నూలుకు అద్దే రంగు. అట్ట మీది బొమ్మ చూసి మండిపడి అమ్మే దాన్ని చింపేసింది. చంద్రక్క మాత్రం రంగు చేతులతోనే చదివేది. సగంలో పేజీ మడిచి, జ్వరంతో దవాఖానకు వెళ్లింది. తిరిగి రాలేదు. తర్వాత అమ్మ ఏడవలేదు, అక్క పేరెత్తలేదు. రాతిగుండె మనిషని ఇన్నేళ్లూ నేనే చాటాను.

ఆయన మడత దాటి తిప్పాడు. “గిది చూడున్రి. ముందటి మరకలు చిన్న వేలివి, కింది మూలకు. గిక్కడి సంది పెద్ద వేలివి, పై మూలకు, తిరగబడి ఉన్నయి. ఎవరో పుస్తకం తలకిందులు పట్టుకొని ఒక్కొక్క పేజీ తిప్పిండ్రు.”

మా ఇంట్లో అక్షరం రానిది అమ్మ ఒక్కతే.